గడ్డాన చుక్క

డెబ్బయ్యారో యేట బుల్లెమ్మగారికి తన పదహారో యేటి బొమ్మ కావాలనిపించింది.

ఆ కోరిక పుట్టించింది కోడలు వెంకటదుర్గే. పుష్కరాల ముందటి వేసవిలో కూతుర్ని ఎంసెట్ కోచింగులో చేర్పించి, రాజమండ్రిలో గది తీసుకుని రెండు నెలలు ఉంది దుర్గ. పొద్దున్నే పిల్లని పంపేశాక సాయంత్రం దాకా చెయ్యడానికి పనేమీ ఉండేది కాదు. పక్కవీధిలో ఆడవాళ్ళకి పెయింటింగ్ నేర్పుతున్నారంటే వెళ్ళి చేరింది. మాస్టారు అందరిచేతా ఒకే రకం బొమ్మ వేయించేవాడు. 'వింటేజ్ స్టయిల్ ఫిగర్' అనేవాడు దాన్ని. పాతకాలపు ఆడమనిషి, బుట్టచేతుల జాకెట్టు, మెళ్ళో కాసులపేరు, ఒక చెయ్యి కుర్చీ వీపు మీద, పక్కనే పూలకుండీ పెట్టిన ముక్కాలిపీట. అంతా అయ్యాక ముదురు గోధుమరంగుని నీళ్ళలా పల్చన చేసి బొమ్మంతటికీ ఒక పూత పూసి గుడ్డతో అద్దితే, నిన్న వేసింది కాస్తా డెబ్బై ఏళ్ళ కిందటిదైపోయేది. ఆ పూత దుర్గకి మహా ఇష్టం.

అలా వేసిన బొమ్మ ఒకటి పట్టుకుని ఊరొచ్చింది. వాళ్ళది రావులపాలెం అవతల, గోదారి గట్టు పక్క ఊరు. ఆరెకరాల అరటితోటలు, కొంత మాగాణి. బుల్లెమ్మగారు కళ్ళజోడు పెట్టుకుని బొమ్మని చాలాసేపు చూసింది.

"ఎవరిది?"

"ఎవరిదీ కాదండి అత్తయ్యగారూ. ఊరికే, పాతకాలం మనిషి."

"ఎవరూ కానిదాన్ని గోడకి పెట్టుకోడం దేనికి? నన్ను వెయ్."

ఆవిడకి చిన్నప్పటి ఫొటో ఒక్కటీ లేదు. ఫొటో తీయించుకుంటే ఆయుష్షు తగ్గుతుందని ఆవిడ మావగారు ఆడవాళ్ళనెవర్నీ కెమెరా ముందుకి పోనివ్వలేదట. పట్టాదారు పాసుపుస్తకం కోసం తీయించుకున్నదే ఆవిడ మొదటి ఫొటో. అప్పటికే ఆవిడకి యాభై ఏడు, పైవరసలో రెండు పళ్ళు లేవు.

"మనం కట్టిస్తున్న కొత్తింట్లో హాల్లో నడిగోడకి పెడదాం. కింద నీ పేరు రాసుకో," అంది బుల్లెమ్మగారు.

ఆ చివరి మాటకి దుర్గ పడిపోయింది. కాపరానికొచ్చి ఇరవయ్యొక్కేళ్ళు. ఇంట్లో ఇత్తడి సామానంతా అత్తగారి పేరు చెక్కినదే. పుట్టింటినుంచి తెచ్చుకున్న స్టీలు సామాను మీద నాన్నగారి పేరు. నీళ్ళు తాగే గ్లాసు దగ్గర్నుంచి పప్పు గిన్నె దాకా, ఏది తిప్పి చూసినా ఇంకొకరి పేరే. అలాంటి ఇంట్లో నడిగోడ మీద తన పేరు.

రాజమండ్రి వెళ్ళే మనిషిచేత పెద్ద కేన్వాసు బోర్డు తెప్పించింది. అట్ట మీద కేన్వాసు గుడ్డ అంటించిన బోర్డు అది, రెండడుగుల వెడల్పు. బుల్లెమ్మగారు బీరువా తీసి తన పెళ్ళినాటి జరీచీర ఇచ్చింది. "చూసి వెయ్యి. మడత నలక్కుండా తిరిగియ్యి," అంది. నగలు ముందు తువ్వాలు మీద పరిచి దుర్గచేత కాగితం మీద గీయించి, వెంటనే లోపల పెట్టేసి తాళం వేసుకుంది.

చీరా నగలూ బాగానే వచ్చాయి. ముఖమే రాలేదు. మూడుసార్లు వేసి మూడుసార్లూ తెల్లరంగుతో కప్పేసింది. అత్తగారిని కూర్చోబెడితే పది నిమిషాలకే కునికిపాట్లు. నాలుగోసారి వేసింది చూసి బుల్లెమ్మగారు, "నేనా ఇది, సబ్బుపెట్టె మీది పిల్లా?" అంది.

ఆ మర్నాడే దుర్గకి రత్తమ్మ కనబడింది. అంటే, కొత్తగా కనబడింది. రత్తమ్మ మూడేళ్ళుగా రోజు విడిచి రోజు పెరటి గుమ్మంలో చేపల గంప దింపుతూనే ఉంది. గోదారి ఒడ్డు పల్లెపేటలో పడవలవాళ్ళ కోడలు, ఇరవై రెండేళ్ళుంటాయేమో. ఆ రోజు గంప తల మీద పెట్టుకుని వెళ్ళిపోతున్న మనిషిని వెనకనుంచి చూసి దుర్గ చేతిలోని చేపల గిన్నెతో అలాగే నిలబడిపోయింది. ఆ మెడ ఎటూ ఊగదు. నడుం కిందనుంచే నడక, పైనంతా నిలువునా నిలబడి ఉంటుంది. రాణీలంటే ఇలా ఉంటారనుకుంది దుర్గ.

"రత్తమ్మా, మధ్యాహ్నంపూట ఓ గంట వచ్చి మేడ మీద కూర్చుంటావా?"

"దేనికండీ?"

"బొమ్మ వెయ్యడానికి."

"నా బొమ్మండీ?"

"నీది కాదే. అత్తయ్యగారిది."

"మరాయమ్మగోరి బొమ్మకి నేను కూకోడం ఏంటండీ?"

"ఆవిడ పదహారేళ్ళ పిల్లలా ఉండాలి అందులో."

రత్తమ్మ కొంగు నోటికడ్డం పెట్టుకుని నవ్వింది. "ఆయ్. అయితే ఆయమ్మగోరి వయసు నేనెక్కించుకోవాలన్నమాట. కూకుంటానండి."

పదమూడు మధ్యాహ్నాలు కూర్చుంది. వచ్చేముందు ఇంటికెళ్ళి తలారా స్నానం చేసొచ్చేది. అయినా దుర్గ పెరట్లో నూతి దగ్గర తన చందనం సబ్బిచ్చి మళ్ళీ చేతులు కడిగించేది. అప్పుడు బుల్లెమ్మగారి జరీచీర కట్టబెట్టేది. మోకాళ్ళ నొప్పులతో బుల్లెమ్మగారు మెట్లెక్కి ఎనిమిదేళ్ళయింది. కింద ఆవిడ భోంచేసి నడుం వాల్చేది. పైన వీళ్ళిద్దరూ.

ఎండకి రంగులు ప్లేటులో పిండుతుండగానే ఎండిపోయేవి. తడిగుడ్డ పరిచి దాని మీద రంగు పెట్టుకుని, గబగబా కలిపి గబగబా వేసేది దుర్గ. అక్రిలిక్ రంగుతో ఉన్న చిక్కే అది, పదినిమిషాల్లో రాయైపోతుంది. తప్పొస్తే తుడవడం ఉండదు, పైన ఇంకో పొర వెయ్యడమే. రత్తమ్మ కూర్చున్నచోటే కబుర్లు చెప్పేది. గాలానికి తాబేలు పడితే మావగారు దానికి దణ్ణం పెట్టి వదిలేసిన సంగతీ, చినబాబు, అంటే ఆమె మొగుడు, పెళ్ళిచూపులకి అరువు చొక్కా తొడుక్కొచ్చి గుండీ ఊడగొట్టుకున్న సంగతీ. దుర్గ నవ్వాపుకోలేక కుంచె పక్కన పెట్టేసేది. ఆ ఇంట్లో తను అంత గట్టిగా నవ్వగలనని ఆమెకి తెలీదు.

ముఖం వచ్చింది. కళ్ళొచ్చాయి. గడ్డం దగ్గర కుంచె ఆగింది. రత్తమ్మ గడ్డాన మధ్యగా కందిగింజంత పచ్చబొట్టు ఉంది. అది వదిలేసి వేస్తే ముఖం బోసిపోయింది. రెండుసార్లు చూసింది, రెండుసార్లూ ఎవరో పరాయి మనిషిలా ఉంది. చివరికి నల్లరంగుతో చుక్క పెట్టేసింది. పెళ్ళికూతురికి చుక్క పెడతారుగా, అదే ఇదనుకుంటారులే అనుకుంది. పెట్టగానే బొమ్మ ఊపిరి పీల్చుకున్నట్టయింది.

గోధుమరంగు పూత పూసి, వార్నిష్ కొట్టి, కుడివైపు మూలన లేత పసుపుతో 'వెంకటదుర్గ' అని రాసిన రోజున రత్తమ్మ బొమ్మ ముందు చాలాసేపు నిలబడింది.

"నేనిలా ఉంటానండీ?"

"నువ్వు కాదని చెప్పానా."

"ఆయ్. నేను కాదండి." బొమ్మ దగ్గరికి జరిగి, "అయినా నేనేనండి," అంది. తర్వాత భయపడుతూ, "మా ఆయనకి ఒక్కసారి సూపిత్తానండి," అంది.

దుర్గ ఆ పూట సంతోషంలో ఉంది. "గృహప్రవేశం నాడు ఇద్దరూ రండి. ఊరంతా వస్తారు. హాల్లోకొచ్చి చూసి, భోంచేసి వెళ్ళండి," అంది.

పుష్కరాలు వెళ్ళాక శ్రావణంలోనే గృహప్రవేశం. పాలు పొంగించారు, వ్రతమయింది. హాల్లో నడిగోడకి బొమ్మ, దాని కింద కుర్చీలో బుల్లెమ్మగారు. వచ్చినవాళ్ళంతా ముందు బొమ్మకేసి, తర్వాత ఆవిడకేసి చూస్తున్నారు. "ఆ మెడ చూడండి, ఏం దర్జా," అంటున్నారు. "పెద్దింటి పిల్లంటే అలా ఉండాలి. ఇప్పటి పిల్లలు కూర్చుంటే గోనెసంచులే." దుర్గ మంచినీళ్ళు అందించే వంకతో పదిసార్లు హాల్లోకొచ్చి ఆ మాటలు విని వెళ్ళింది. ఆమె భర్త హరిబాబు కూడా ఎవరికో కింద పేరు చూపిస్తూ, "మా ఆవిడే," అన్నాడు. ఇరవయ్యొక్కేళ్ళలో అతను నలుగురిలో ఆ మాట అలా అనడం అదే మొదలు.

కోరుకొండ నుంచి బుల్లెమ్మగారి చెల్లెలు తలుపులమ్మగారు వచ్చింది. ఎవర్నీ వదలదు ఆవిడ నోరు.

"నువ్వెప్పుడున్నావే అక్కా ఇలా? నీ పెళ్ళికి నేను ఏడేళ్ళదాన్ని, నాకు జ్ఞాపకం లేదనుకున్నావా? ఎత్తుపళ్ళు, పిల్లిపిసరంత పిల్లవి."

"నీ కళ్ళకి అప్పటికే మసకలు," అంది బుల్లెమ్మగారు.

తలుపులమ్మగారు బొమ్మ దగ్గరగా వెళ్ళింది. "అమ్మాయ్ దుర్గా, చుక్క గడ్డాన పెట్టావేంటి? మన ఇళ్ళల్లో పెళ్ళికూతురికి బుగ్గచుక్క కదా పెడతాం. గడ్డాన ఎవరు పెట్టుకుంటారు?"

"పొరపాటు పడ్డానండి పిన్నత్తయ్యగారూ."

"గడ్డాన పొడిపించుకునేది పల్లెపేటవాళ్ళు."

సరిగ్గా అప్పుడే రత్తమ్మ వచ్చింది. చిలకపచ్చ చీర, తల్లో కనకాంబరాలు, ముఖానికి పసుపు. మొగుడు లోపలికి రావడానికి సిగ్గుపడి గేటు దగ్గరే ఆగిపోయినట్టున్నాడు. ఆమె వాకిలి దాటి, గుమ్మం పసుపు తొక్కకుండా కాలెత్తి వేసి, హాల్లోకొచ్చి బొమ్మకి ఎదురుగా నిలబడింది. నెత్తిన గంప లేకపోయినా ఆ మెడ గంప కిందున్నట్టే ఉంది.

ఒక పిల్ల అటూ ఇటూ చూసి, "అమ్మా, బొమ్మలో ఆవిడొచ్చింది," అంది.

బుల్లెమ్మగారు నవ్వింది. "భోజనాలకి లేవండమ్మా, చల్లారిపోతాయి," అని అందర్నీ పందిట్లోకి పంపింది. "నువ్వుండు," అంది రత్తమ్మతో. హరిబాబు తొంగిచూసి, ఆడవాళ్ళ వ్యవహారమని వడ్డన చూసుకోడానికి వెళ్ళిపోయాడు. హాల్లో నలుగురు మిగిలారు.

"అమ్మాయ్, నా బొమ్మకి ఎవరు కూర్చున్నారు?"

దుర్గ చేతిలోని మంచినీళ్ళ గ్లాసు కింద పెట్టింది. "ఎవరూ లేదండి. చీర మేకుకి తగిలించి వేశాను."

"మరి ఇదేంటి, అచ్చు దాని ముఖమే ఉంది?"

రత్తమ్మ ఏదో చెప్పబోయి దుర్గకేసి చూసింది. దుర్గ బొమ్మ మూలనున్న పసుపు అక్షరాలకేసి చూస్తోంది. నిజం చెబితే అవి ఈ గోడ మీద ఉండవు. ఇందాక హరిబాబు అన్న మాట కూడా ఉండదు.

"అది రోజూ మేడ మీదకొచ్చి బొమ్మ చూసేదండి," అంది దుర్గ. "చూసి చూసి మోజు పడింది. బొమ్మలో చుక్క చూసి తనూ పొడిపించుకున్నట్టుంది."

తలుపులమ్మగారు పకపకా నవ్వింది. "బాగుందే. బొమ్మని చూసి మనిషి తయారైందన్నమాట."

"అమ్మగోరూ," అంది రత్తమ్మ. కోపం లేదు ఆ గొంతులో. దుర్గ ఏదో మర్చిపోయిందనుకుని గుర్తు చేస్తున్నట్టుంది. "ఇది నా ఏడేళ్ళప్పుడు తీర్థంలో మా యమ్మ పొడిపించిందండి."

"అయితే మా కోడలు అబద్ధమాడుతోందంటావా?" అంది బుల్లెమ్మగారు.

రత్తమ్మ మళ్ళీ దుర్గకేసి చూసింది. దుర్గ పమిట సర్దుకుంది.

"లేదండి," అంది రత్తమ్మ. "నేనే మర్సిపోయుంటానండి."

"సరే. చూసి నేర్చుకున్న ముఖమేగా, నువ్వే చెరిపెయ్. గోడ మీదొకటీ గుమ్మంలో ఒకటీ ఉంటే నలుగురూ నన్ను చూసి నవ్వుతారు. ఆ కిటికీలో పాలిష్‌వాళ్ళు వదిలేసిన ఉప్పుకాగితం ఉంది, తియ్యి. దుర్గా, బొమ్మ దింపి పట్టుకో, కదలకుండా."

దుర్గ బొమ్మ దింపింది. కొత్త టైల్సు మీద వెల్లకిలా పెట్టి రెండంచులూ రెండు చేతులతో నొక్కి పట్టుకుంది. రత్తమ్మ చీర కుచ్చిళ్ళు పైకి దోపి, చేప ముందు కూర్చున్నట్టే గొంతుక్కూర్చుంది. ఉప్పుకాగితం మడిచి నుదుటి మీద మొదలుపెట్టింది.

మొదట వార్నిష్ కీచుమంది. తర్వాత గోధుమరంగు పూత లేచిపోయింది. అది పోయేసరికి ముఖం ఒక్క క్షణం కొత్తగా, మేడ మీద కుదిరిన రోజున ఉన్నట్టుగా తయారై దుర్గకేసి చూసింది. ఆ తర్వాత ఒంటిరంగు పొడిపొడిగా రాలింది. దాని కింద, మొదట్లో కప్పేసిన నాలుగు ముఖాల తెలుపు. రత్తమ్మది పనిమంతురాలి చెయ్యి. తోకనుంచి తలకి పొలుసు తీసినట్టు, చిన్న చిన్న విసురులతో, ఒక చోటే రుద్దకుండా వస్తోంది. చుక్క దగ్గర కూడా ఆగలేదు. కళ్ళ దగ్గర ఆగింది.

"కళ్ళు కూడానండీ?" అంది దుర్గనే చూసి.

"ముఖమంతా," అంది దుర్గ.

కేన్వాసు నేత పైకి తేలేదాకా రుద్దింది. పొడి దుర్గ గాజుల మీద పడింది. ముఖం అయిపోయాక కాగితం దులిపి, "మెడండీ?" అంది రత్తమ్మ.

బుల్లెమ్మగారు కుర్చీలోంచి వంగి చూసింది.

"మెడ ఉండనీ. మెడ బాగుంది."

రత్తమ్మ చేతులు చీరకి తుడుచుకుని లేచింది. బుల్లెమ్మగారు చాలా నెమ్మదిగా చెప్పింది. "బొమ్మలో చుక్క పోయింది. నీ గడ్డాన అదున్నన్నాళ్ళూ మా ఇళ్ళ ఛాయలకి గంప పట్టుకురాకు. మా అబ్బాయి తోడల్లుడింటికీ, మునసబుగారింటికీ కూడా చెబుతాను."

"ఇది పోదండి," అంది రత్తమ్మ.

"అయితే రాకు."

ఆమె గుమ్మం దాటేటప్పుడు కూడా పసుపు తొక్కకుండా కాలెత్తి వేసింది. పందిట్లో వడ్డనవాళ్ళు ఆకు వెయ్యమంటారా అని అడుగుతుంటే వద్దని చెయ్యి ఊపడం కిటికీలోంచి కనబడింది.

ఆ రాత్రికి చుట్టాలు సర్దుకున్నాక, దుర్గ పాలగ్లాసు తీసుకెళితే బుల్లెమ్మగారు అంది, "చీర తిరిగొచ్చిన రోజునే తెలుసు నాకు. కుచ్చిళ్ళ మడతలున్నాయి దానికి. మేకు కుచ్చిళ్ళు పోసుకుంటుందా?"

దుర్గ గ్లాసు ఆవిడ చేతికిచ్చింది. "మరప్పుడే అనొచ్చుగా అత్తయ్యగారూ."

"మధ్యాహ్నాలు మీరిద్దరూ పైన నవ్వుకుంటుంటే నేను కింద వింటూ పడుకునేదాన్ని. అంత స్నేహం గదా, పీకల మీదకొస్తే ఎవరు ఎవర్ని వదులుకుంటారో చూద్దామనుకున్నాను." పాలు రెండు గుక్కలు తాగి మూతి తుడుచుకుంది. "చూశాను. నీ పేరు ఉండనీలే, చెరపకు. నువ్వు ఈ ఇంటి మనిషివే."

కొత్త ముఖం వెయ్యడానికి వారం పట్టింది. బుల్లెమ్మగారు పక్కనే కూర్చుని చెప్పి వేయించుకుంది. రంగు ఇంకాస్త తెలుపు, ముక్కు ఇంకాస్త సూది, చుక్క బుగ్గన. నాలుగోసారి వేసి ఆవిడ కాదన్న ఆ సబ్బుపెట్టె పిల్లే మళ్ళీ వచ్చింది. ఈసారి ఆవిడకి నచ్చింది. గోధుమరంగు పూత పూశాక, గరుకు తేలిన చోట రంగు ఎక్కువ పీల్చుకుని చెంపల మీద మచ్చలుగా నిలిచింది. పాత బొమ్మలంటే అలాగే ఉంటాయన్నారు చూసినవాళ్ళు. ముఖం గురించి ఎవరూ పెద్దగా ఏమీ అనలేదు. "మెడ చూడండి," అనేవారు. బుల్లెమ్మగారు వచ్చినవాళ్ళందరిచేతా కింద పేరు చదివించి, "మా కోడలే," అని చెప్పేది. దుర్గ కాఫీలు పెట్టేది.

మూడు వారాలు వేరే మనిషెవరో చేపలు తెచ్చింది. నాలుగో వారంలో ఒకరోజు పెరట్లో, "అమ్మగోరూ, సేపలండి," అని పాత గొంతు వినబడింది.

రత్తమ్మ గంప దించి పక్కన కూర్చుని ఉంది. తలెత్తింది. గడ్డం మధ్యన చుక్క ఉండాల్సిన చోట రూపాయి బిళ్ళంత మేర తోలు లేచిపోయి ఎర్రగా, అంచుల్లో నీరు కారుతూ ఉంది. పసుపు అద్దింది గానీ నిలవలేదు.

"ఏంటిది?" అంది దుర్గ.

"సున్నం, సాకలిసోడా కలిపి పెట్టానండి. నాలుగు రోజులు మంటెత్తిపోయింది. పెట్టగా పెట్టగా పోయిందండి." నోరు సరిగ్గా తెరవడం లేదు, మాట పళ్ళ మధ్యనుంచి వస్తోంది. "ఆయమ్మగోరికి సూపించమంటారా?"

"అక్కర్లేదులే. నేను చెబుతాను."

దుర్గ శీలావతి చేప ఎంచుకుంది. రత్తమ్మ బూడిద అద్దుకుని పొలుసు తీసింది, తోకనుంచి తలకి. దుర్గ కాసేపు ఆ చేతులకేసి చూసి, తర్వాత పెరటి గోడకేసి చూసింది. లోపల హాల్లో ఎవరో వచ్చినట్టున్నారు, బుల్లెమ్మగారి గొంతు వినిపిస్తోంది.

ముక్కలు కడిగి గిన్నెలో వేశాక రత్తమ్మ, గొంతు తగ్గించి అడిగింది. "ఇప్పుడు బొమ్మలో నేను ఎక్కడా లేనుగదండీ?"

"లేవు," అంది దుర్గ.

"ఆయ్," అంది రత్తమ్మ. గంప ఎత్తుకుని, చుట్టకుదురు సర్దుకుని, మెడ నిలువునా నిలబెట్టి లేచింది.

"ఎల్లుండి కూడా శీలావతే తే," అంది దుర్గ వెనకనుంచి. "ముళ్ళ చేపలు వద్దు, అత్తయ్యగారు తినలేరు."